డాక్టర్ సలహా: ఎండాకాలం దిగులు సరే, ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: నా వయసు 46. మాది పొదిలి దగ్గర పల్లె, రేకుల ఇల్లు. మూడేళ్లుగా ఎండలు ముదిరితే చాలు, మనసంతా దిగులుగా ఉంటోంది. ఆకలి ఉండదు, పని మీద ధ్యాస నిలవదు, పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నాను. నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో చిన్న మాత్ర ఇచ్చారు. రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. బీపీ మాత్ర కూడా వాడుతున్నాను. ఒంట్లో వేడి తగ్గి మనసు కుదుటపడాలంటే ఏమి తినాలి? సబ్జా గింజలు మంచివేనా?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: సబ్జా నీళ్లు, మజ్జిగ నిరభ్యంతరంగా తాగండి. దిగులుకు మాత్రం అవి మందు కావు. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ 'చిన్న మాత్ర' గురించి.

దాని పేరు మీరు రాయలేదు. చాలామందికి తెలియదు కూడా. కిందటి వారం ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి ఇలాంటివే చూపించారు. కత్తెరతో కత్తిరించిన నాలుగు మాత్రల ముక్క. పేరున్న భాగం షాపులోనే ఉండిపోయింది, వెండి కాగితం మీద 0.5 అన్న అంకె మాత్రం మిగిలింది. నిద్రకని ఇలా ఇచ్చేది తరచుగా అల్ప్రాజోలం అయి ఉంటుంది. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు భద్రపరచాలి. ఇన్ని కట్టుబాట్లు ఊరికే పెట్టలేదమ్మా. కొన్ని వారాలు రోజూ వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, ఒకటి చాలక రెండు కావాలనిపిస్తుంది. పగలు మత్తు, మతిమరుపు వస్తాయి. కొందరిలో దిగులు ఇంకా పెరుగుతుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఇన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

బీపీ మాత్ర పేరూ రాయలేదు. కొన్నిటిలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. ఒకపక్క చెమట, మరోపక్క బీపీ అని ఉప్పు తగ్గించడం, పైగా బిందెడు ఒట్టి నీళ్లు తాగడం. ఇవన్నీ కలిస్తే రక్తంలో సోడియం పడిపోవచ్చు. అప్పుడు వచ్చే నీరసం, చిరాకు, తికమక చూడటానికి దిగులులాగే ఉంటాయి. మీ వయసులో థైరాయిడ్, రక్తహీనత, నెలసరి ఆగిపోయే దశ కూడా మనసును కుంగదీస్తాయి. అందుకని సోడియం, పొటాషియం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు ముందు చేయించండి. బీపీ మాత్ర సొంతంగా ఆపవద్దు, ఉప్పు సొంతంగా పెంచవద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఏటా ఒకే రుతువులో వచ్చే కుంగుబాటు నిజంగానే ఉంది. చలికాలంలో వచ్చే రకంలో నిద్ర, తిండి పెరుగుతాయి. వేసవి రకంలో రెండూ తగ్గి, మనసు నిలకడ కోల్పోతుంది. మీది అదేనని మిమ్మల్ని చూడకుండా చెప్పలేను. అయితే నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త దిగాలి. పగలంతా కాగిన రేకుల కింద అర్ధరాత్రి దాటినా ఆ సెగ పోదు. రేకుల మీద తెల్లసున్నం వేయించండి, పడుకునే ముందు స్నానం చేయండి, వీలైతే దోమతెర కట్టుకుని ఆరుబయట పడుకోండి.

రోహిణి కార్తె దాటితే అదే తగ్గుతుందిలే అని మూడు వేసవులు గడిపేశారు. ఇది మాత్రం బాగాలేదు. దిగులు రెండు వారాలు దాటి ఉంటే చూపించుకోవాల్సిందే. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు వద్దు. వెళ్లేటప్పుడు రెండు రకాల మాత్రలూ వెంట తీసుకెళ్లండి. కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలైనా పడుతుంది. వాటిలో కొన్ని సోడియాన్ని ఇంకా తగ్గిస్తాయి కాబట్టి బీపీ మందు సంగతి దాచవద్దు.

మీరు రాయని మాట ఒకటి అడుగుతున్నాను. బతకాలని లేదు అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఆ నిద్రమాత్రలు మీ దగ్గర ఉంచుకోకండి, ఇంట్లో నమ్మకమైనవారి చేతికి ఇచ్చి, రోజుకు ఒకటే ఇమ్మనండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండు గంటలైనా ఎత్తుతారు.