ఎంజైమ్ క్యాప్సూల్ భోజనం తర్వాత కాదు, భోజనంతోనే

నాన్నగారికి క్రానిక్ పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథికి దీర్ఘకాలంగా ఉండే వాపు) అని, తిన్నది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ వాడుతున్నా విరేచనం జిడ్డుగా నీళ్ళ మీద తేలుతోందని రాశారు. టెన్షన్ పడకండి. భోజనమయ్యాక గంటకు వేస్తున్నామన్నారుగా, చిక్కు బహుశా అక్కడే. తిన్నది ముందు వెళ్ళిపోతుంది, మందు వెనకబడుతుంది. మొదటి ముద్దతోనే వేయండి. నెమ్మదిగా తినే మనిషైతే, రాసిచ్చిన డోసును మొదట్లో కొంత, మధ్యలో కొంతగా ఇవ్వవచ్చేమో డాక్టర్‌ని అడగండి.

నమలనివ్వకండి. లోపలి గింజలు నలిగితే కడుపులోని ఆమ్లానికి పాడవుతాయి, పైగా నోట్లో పుండ్లు పడతాయి. మింగలేకపోతే విప్పి, చల్లటి యాపిల్ గుజ్జులో కలిపి వెంటనే తినిపించండి, తర్వాత నీళ్ళు తాగించండి. వేడి పదార్థంలో మాత్రం వద్దు.

వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి. అప్పటికీ జిడ్డు తగ్గకపోతే డోసు మీరే పెంచకుండా డాక్టర్‌కి చెప్పండి. కొవ్వుతో పాటే ఒంటికి పట్టే ఎ, డి, ఇ, కె విటమిన్ల సంగతీ అడగండి, చాలామంది మర్చిపోయేది అదే.