జూలై ఒకటి రాకముందే

తమ్ముడూ,

మన రోటరీ సేవా క్లబ్బుల డిస్ట్రిక్ట్‌కి గవర్నర్‌గా నీ పేరు ఖాయమైన దగ్గర్నుంచీ నీ ఫోను ఖాళీ ఉండటం లేదు. అందుకే మాట్లాడకుండా రాసి పంపుతున్నాను, తీరిగ్గా చదువుకో. రోటరీ డిస్ట్రిక్ట్ నడిపే నియమాలు మాన్యువల్‌లో ఉన్నాయి, శిక్షణలో అవి చెబుతారు. అక్కడ చెప్పనివి రాస్తాను.

ముందు క్యాలెండర్. మన ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. పేరుకి పన్నెండు నెలలే గానీ పని జరిగేవి ఏడుకి మించవు. పంచాంగం పక్కన పెట్టుకుని చూడు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు చవగ్గా దొరుకుతాయి, ఇన్‌స్టాలేషన్లు, అంటే కొత్త కార్యవర్గాలు బాధ్యతలు తీసుకునే సభలు, అప్పుడే కానిచ్చెయ్యాలి. శ్రావణం వస్తే ముహూర్తాలు, వ్రతాలు. తర్వాత చవితి పందిళ్లు, దసరా, దీపావళి. కార్తీకంలో సగంమంది మాల వేసుకుంటారు, మిగతా సగం వనభోజనాల్లో ఉంటారు. డెల్టాలో తుఫాన్ల కాలమూ, కోతల కాలమూ దాదాపు అదే. సంక్రాంతికి అటూ ఇటూ వారం గోదావరి జిల్లాల్లో మీటింగ్ పెట్టే సాహసం చెయ్యకు. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలని బడులు, కాలేజీలు ఇవ్వరు. మన సభ్యుల్లో ఆడిటర్లు, బ్యాంకు ఉద్యోగులు మార్చి 31 దాకా కనబడరు. ఇవన్నీ తీసేశాక మిగిలిన తేదీలే నీవి. వాటిని మే నెలలోనే రాసి, నీ తరఫున క్లబ్బుల్ని చూసుకునే అసిస్టెంట్ గవర్నర్ల చేతిలో పెట్టు.

ఆ తేదీల్లో ఎక్కువ భాగం క్లబ్ విజిట్లకే పోతుంది. 80 క్లబ్బులుంటే, విజిట్లకి దొరికే 20 వారాల్లో వారానికి నాలుగు. మామూలుగా అందరూ చేసేది పెద్ద క్లబ్బులతో మొదలుపెట్టడం. అక్కడ హాలు నిండుతుంది, ఫొటోలు బాగుంటాయి. అది తిరగెయ్యి. సభ్యులు 20 లోపు ఉన్న క్లబ్బుల్ని జూలై, ఆగస్టుల్లోనే చూసెయ్యి. జూలై 1న, జనవరి 1న సభ్యుల లెక్కనిబట్టి రోటరీ ఇంటర్నేషనల్ నుంచి డ్యూస్ బిల్లు, అంటే సభ్యత్వ రుసుము బిల్లు, వస్తుంది. జూలై బిల్లు కట్టలేని క్లబ్బుని నువ్వు డిసెంబరులో పరామర్శించడానికి వెళ్లేసరికి అక్కడ పరామర్శించడానికి ఎవరూ ఉండరు. పెద్ద క్లబ్బు నువ్వు నవంబరులో వెళ్లినా నడుస్తూనే ఉంటుంది.

విజిట్ అంటే సాయంత్రం సభ కాదు. సభకి ముందు క్లబ్ కార్యవర్గంతో కూర్చునే గంటన్నర అసలు పని. ఆ గంటన్నరలో కుటుంబాలూ అతిథులూ లేకుండా చూడు. బల్ల మీద మూడు పెట్టమను: మినిట్స్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, సభ్యుల జాబితా. పాస్‌బుక్‌లో ఆఖరి ఎంట్రీ ఎప్పుడు ప్రింటయిందో చూడు. అయిదారు నెలలు దాటితే ట్రెజరర్ బ్యాంకుకి వెళ్లడం లేదని అర్థం, లెక్క ప్రెసిడెంటు జేబులో నడుస్తోంది. నగదు తీసుకోవడానికి రాసే సెల్ఫ్ చెక్కులు ఎక్కువుంటే ఖర్చుల ఓచర్లు అడుగు. తప్పు పట్టుకునేవాడిలా అడగొద్దు, "మీ తర్వాత వచ్చే ట్రెజరర్‌కి ఇబ్బంది కాకుండా" అని అడుగు. మినిట్స్‌లో వరసగా అన్ని మీటింగులకీ ఒకే పెన్ను, ఒకే సిరా కనబడితే అది నువ్వొస్తున్నావని నిన్న రాత్రి రాసిన పుస్తకం. ఏమీ అనకు. జాబితా తీసి ఒక్కో పేరూ చదువుతూ, ఈయన ఆఖరిసారి ఎప్పుడొచ్చారని అడుగు. జవాబులు వింటే ఆ క్లబ్బు బలమెంతో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ తర్వాత గత మూడేళ్లలో వాళ్లు పెట్టిన ప్రాజెక్టుల్లో ఒకటి చూపించమను. ఊళ్లోనే ఉంటుంది కదా, చీకటి పడకముందే వెళ్లు. బయట పేరు బోర్డు తళతళలాడుతూ, లోపల సామాను దుమ్ముపట్టి ఉండటం మన దగ్గర ఎంత మామూలో చూస్తావు.

బళ్లో తాగునీటి శుద్ధికి పెట్టే ఆర్.ఓ. ప్లాంటు సంగతే తీసుకో. నీ ఏడాదిలో కనీసం పది ప్రతిపాదనలు దానిమీదే వస్తాయి. గంటకు 500 లీటర్ల ప్లాంటు పెడతారు, రిబ్బను కత్తిరిస్తారు. ఇసుక ఫిల్టరూ కార్బన్ ఫిల్టరూ రోజూ నీళ్లు ఎదురు పంపి కడగాలని (బ్యాక్‌వాష్) ఎవరికీ చెప్పరు. కార్ట్రిడ్జ్ మార్చాల్సి వచ్చేసరికి డబ్బు ఎవరివ్వాలో తేలదు. కరెంటు బిల్లు బడిదా, పంచాయతీదా అన్న తగువు ఉండనే ఉంది. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ వేసవి సెలవులు. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ 12కి తెరుస్తారు. ఆ నెలన్నరా నీటిని వడగట్టే మెంబ్రేన్ లోపల నిలిచిన నీళ్లలో క్రిములు పెరిగి పొరలా పేరుకుంటాయి. బడి తెరిచిన రోజు నీళ్లు వాసనొస్తాయి, పిల్లలు తాగరు, హెడ్మాస్టరు తాళం వేస్తారు. ఆ తాళం మళ్లీ తియ్యరు. పోనీ గట్టిగా పట్టించుకునే హెడ్మాస్టరు ఉన్నా ఆయనకి బదిలీ వస్తుంది.

అందుకని ప్లాంటుకి ఒప్పుకునేముందు నాలుగు కాగితాలు అడుగు. బోరు నీటి పరీక్ష రిపోర్టు: టి.డి.ఎస్. (నీటిలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపే ఉండి, ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకపోతే చాలాచోట్ల ఆర్.ఓ. అవసరం ఉండదు, మామూలు ఫిల్టరూ క్లోరినూ చాలు, ఖర్చూ తగ్గుతుంది. కరెంటు బిల్లు ఎవరు కడతారో రాతపూర్వకంగా. మూడేళ్ల మెయింటెనెన్స్ ఒప్పందం, డబ్బు ముందే విడిగా పక్కన పెట్టి. నాలుగోది సెలవుల్లో రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు మోటారు వెయ్యడానికి ఒప్పుకున్న మనిషి పేరు, అతనికిచ్చే నెల డబ్బు. ఈ నాలుగోది అడిగితే చాలా క్లబ్బులు ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాయి. తీసుకోనియ్యి. వదిలేసే నీటి సంగతి కూడా అడుగు. దాదాపు సగం నీరు ఉప్పు నీరై బయటికి పోతుంది. దాన్ని మొక్కలకి పెడితే నేల పాడవుతుంది, మరుగుదొడ్లకి మళ్లించాలి.

రక్తదాన శిబిరాల్లో మన జబ్బు రికార్డులు. స్వచ్ఛంద రక్తదాన దినమని అక్టోబర్ 1న ఒకే రోజు 400 యూనిట్లు తీశామంటే పేపర్లో వస్తుంది. ఎర్రకణాలు నిలవుండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే అయిదే రోజులు. ఒక్క రోజు తీసిన 400 యూనిట్లూ ఆ ఊరి బ్లడ్ బ్యాంకులో సరిగ్గా వాడేదెంత? పైగా ఆ దాతలు మగవాళ్లయితే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు మళ్లీ ఇవ్వలేరు. అసలు కొరత ఏప్రిల్ నుంచి జూన్ దాకా. దాతల్లో ఎక్కువమంది కాలేజీ పిల్లలే, కాలేజీలకేమో సెలవులు. కాబట్టి బ్లడ్ బ్యాంకు వాళ్లని ముందే కూర్చోబెట్టుకుని, ఏ నెలలో ఏ గ్రూపు తక్కువ పడుతుందో అడిగి, పది రోజులకొక 40, 50 యూనిట్ల శిబిరం చొప్పున క్లబ్బులకి పంచు. వేసవి వంతు ఫ్యాక్టరీలకీ, బ్యాంకులకీ, అపార్ట్‌మెంట్ సంఘాలకీ ఇవ్వు. నాలుగు మంచాలు, నాలుగు గంటలు ఉంటే అరవైమంది దాకా సాగుతుంది. అంతకు మించి పిలిస్తే వరసలో నిలబెట్టి నీరసం తెప్పించడమే. కార్తీక సోమవారం పెట్టొద్దు, ఉపవాసంతో వచ్చి కళ్లు తిరిగి పడతారు. ముందు ఇడ్లీ, తర్వాతే సూది. హిమోగ్లోబిన్ 12.5 లేని ఆడపిల్లలు చాలామంది వెనక్కి పోతారు. వాళ్లని అందరిముందూ "నువ్వు పనికిరావు" అన్నట్టు పంపకుండా, పక్కన ఒక టేబుల్ వేసి ఐరన్ మాత్రల కోసం ఎక్కడికి వెళ్లాలో చెప్పి పంపే మనిషిని పెట్టు.

కంటి శిబిరాల గురించి ఒక్క మాట. ఊళ్లో చూసేది పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే. ముసలాళ్లని తీసుకెళ్లే బస్సుకి దాతలు దొరుకుతారు, వారం తర్వాతా నెల తర్వాతా మళ్లీ చూపించడానికి తీసుకెళ్లే బస్సుకి దొరకరు. రెండో బస్సు, మూడో బస్సు డబ్బు ముందే కట్టించుకున్నాకే మొదటి బస్సు కదలనివ్వు.

ఇక డబ్బు. ఇందులో కొత్త గవర్నర్లకి అర్థం కానిది ఒకటుంది. సభ్యులు రోటరీ ఫౌండేషన్ యాన్యువల్ ఫండ్‌కి విరాళంగా ఇచ్చింది మూడేళ్ల తర్వాతే డిస్ట్రిక్ట్‌కి తిరిగొస్తుంది, అదీ దాదాపు సగం. అంటే నువ్వు ఖర్చుపెట్టేది మూడేళ్ల కిందటివాళ్లు కూర్చింది. నువ్వు కూర్చేది నీకు మూడేళ్ల తర్వాత వచ్చేవాడి చేతికి వెళుతుంది. నీ ఏడాదిలో ఇవ్వమని అడిగేటప్పుడు సభ్యులకి ఈ లెక్క విప్పి చెప్పు, "మా డబ్బేదీ?" అన్న గొణుగుడు సగం తగ్గుతుంది. పెద్ద ప్రాజెక్టులకి ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంట్‌కి కనీస బడ్జెట్ 30,000 డాలర్లు, విదేశీ క్లబ్ భాగస్వామ్యం ఉండాలి. రాత పని భారీగా ఉంటుంది. మొదటిసారి చేసే క్లబ్బుకి చిన్న పనులకిచ్చే డిస్ట్రిక్ట్ గ్రాంట్‌తోనే మొదలుపెట్టించు. గ్రాంటు డబ్బుకి వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు. పాత గ్రాంటు రిపోర్టు పెండింగులో ఉందంటే దాని దెబ్బ కొత్తదానికి తగులుతుంది, కాబట్టి ఆ రిపోర్టు పంపించడం జూలైలో చేసే మొదటి పనుల్లో ఒకటి.

క్లబ్ ట్రస్టులకి 80జీ (దాతకి పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే, విరాళం తీసుకున్న రోజే పాన్ నంబరు రాయించుకోమను. నగదుగా 2,000 రూపాయలు దాటితే దాతకి పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పాలి. లేకపోతే మే నెలలో దాతల చుట్టూ తిరగడమూ, మాటలు పడటమూ రెండూ తప్పవు. సొసైటీగా రిజిస్టరయిన క్లబ్బులు జనరల్ బాడీ అయ్యాక 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ఏళ్లతరబడి ఇవ్వనివి ఉంటాయి, బ్యాంకు సంతకాలు మార్చబోయినప్పుడు బయటపడతాయి.

వరద సాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు కనబడిందే ప్రతి ముంపులోనూ కనబడుతుంది: రోడ్డు పక్క వీధికి అయిదు బళ్ల భోజనం, లోపలి వీధికి ఏమీ లేదు. వార్డు ఆఫీసు వాళ్లని అడగకుండా బండి కదలకూడదు. మొదటి రెండు రోజులు చింతపండు పులిహోర పంపు, అది త్వరగా పాడవదు. పెరుగన్నం వద్దు, పడవ చేరేలోపు పులుస్తుంది. 20 లీటర్ల టిన్నులు పడవలో కదపలేరు, లీటరు సీసాలే మేలు. మూడో రోజు నుంచి అడిగేది అన్నం కాదు: బ్లీచింగ్, చీపుర్లు, బురద తోసే పారలు, టార్పాలిన్లు, శానిటరీ ప్యాడ్లు. పాతబట్టలు తీసుకోనే వద్దు, వాటిని వేరుచెయ్యడానికే పదిమంది మనుషులు పోతారు.

స్టేజీ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. ఇన్‌స్టాలేషన్ రోజు వేదిక మీద పన్నెండు కుర్చీలు, పన్నెండు శాలువాలు, మొమెంటోలు, బొకేలు. మనిషికి 800 వేసుకున్నా 9,600 రూపాయలు. చదువుకునే కళ్లజోడు 120 రూపాయలనుకుంటే ఎనభైమందికి వస్తాయి. నువ్వు జూలైలోనే "నాకు శాలువా వద్దు" అని లెటర్ పంపితే ఎవరూ నమ్మరు. మొదటి అయిదు క్లబ్బుల్లో నిజంగా తిరిగిచ్చెయ్యి, ఆరో క్లబ్బు నుంచి మానేస్తారు.

జూన్‌లో ఒక జబ్బు వస్తుంది. సభ్యుల సంఖ్య పెరిగిందని చూపించడానికి నెలాఖరులో పేర్లు ఎక్కిస్తారు. ఆ పేర్లకి జూలై 1న బిల్లు వస్తుంది, అది కట్టాల్సింది నీ తర్వాతివాడి ప్రెసిడెంట్లు. 25వ తేదీకల్లా జాబితాలు శుభ్రం చేయించు, అంకె తగ్గినా సరే.

అప్పగింత జూన్ ఆఖరి వారంలో పెట్టుకో, ఒక రోజంతా. పాస్‌వర్డులు, బ్యాంకు సంతకాల మార్పు కాగితాలు, సగంలో ఉన్న గ్రాంట్ల ఫైళ్లు, ఎవరికి ఏమి మాటిచ్చావో ఆ జాబితా. జూలై 1 ఉదయం వాట్సాప్ గ్రూపుల్లో అడ్మిన్‌గా తప్పుకో. కొత్తవాడి ఇన్‌స్టాలేషన్‌కి వెళ్లు, పిలిచినా వేదిక ఎక్కకుండా రెండో వరసలో కూర్చో. కారు డిక్కీలో మొమెంటోలు మిగిలుంటాయి చూడు, వాటి మీద పేరు బిళ్ల ఊడదీసి ఏదన్నా బడికి ఆటల పోటీల బహుమతులుగా ఇచ్చెయ్యి.

మీ
అన్నయ్య