బోస్టన్ నుంచి బస్సులో వచ్చే పిల్ల గురించి, సుధకి

అమ్మా సుధా,

మెట్కో పిల్లకి, అంటే బోస్టన్ నగరం నుంచి బస్సులో మన శివారు బడికి చదువుకోడానికి వచ్చే పిల్లకి, బడయ్యాక, అవసరమైతే రాత్రి కూడా ఇంట్లో చోటిచ్చే హోస్ట్ ఫ్యామిలీగా ఉండమని స్కూల్ వాళ్ళు అడిగారని, ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. ఒప్పుకో. పదకొండేళ్ళు చేశాను కాబట్టి, నాకు ఆలస్యంగా తెలిసినవి నీకు ముందే చెబుతాను.

ఆ పిల్ల మన ఊరికి ఎందుకొస్తోందో తెలుసుకో. 1963లో రూత్ బాట్సన్ లాంటి తల్లులు బోస్టన్ స్కూల్ కమిటీ ముందు నిలబడి, నల్లజాతి పిల్లల బడులు ఎంత అధ్వానంగా ఉన్నాయో చెబితే కమిటీ ఒప్పుకోలేదు. చివరికి 1966లో 220 మంది పిల్లలు బస్సుల్లో ఏడు శివారు ఊళ్ళ బడులకి బయల్దేరారు. న్యూటన్, బ్రూక్‌లైన్, లెక్సింగ్టన్ వాటిలో ఉన్నాయి. 1974లో నల్ల, తెల్ల పిల్లల్ని కలపడానికి కోర్టు ఆర్డరుతో బస్సుల్లో వేరే బడులకి పంపిన బస్సింగ్, సౌత్ బోస్టన్‌లో బస్సుల మీద రాళ్ళు పడడం వేరే కథ. మెట్కో ఆ తల్లిదండ్రులు కోరి ఎంచుకున్నది. ఒకప్పుడు బిడ్డ పుట్టగానే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించేవాళ్ళు. అందుకే ఆ పిల్లని చూసి మీ ఇంట్లో ఎవరూ "పాపం" అనకూడదు.

మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. మా ఇంటికొచ్చే అమ్మాయి రెండో క్లాసు. రాగానే మా వాడితో పాటు కూర్చోబెట్టి లెక్కలు చేయించేదాన్ని. ఒకరోజు పులిహోర గిన్నె పట్టుకుని వచ్చేసరికి, టేబుల్ మీద తల వాల్చి నిద్రపోతోంది. పెన్సిల్ చేతిలోనే ఉంది. బూట్లు కూడా విప్పలేదు, వాటి మంచు కరిగి కింద మడుగు కట్టింది. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే, పొద్దున ఐదింటికే లేస్తుందని చెప్పింది. మా వాడు ఏడున్నర దాకా పడుకునేవాడు. ఆ రోజు నుంచి ముందు తిండి, తర్వాత నిద్ర. లెక్కలు ఆ తర్వాతే.

ఆ పిల్ల రాత్రి ఉండిపోతే జుట్టుకి కట్టుకునే సిల్కు గుడ్డ తెచ్చుకోవచ్చు. మనం జడేసుకుని పడుకోమూ, అలాంటిదే. మీ పాపకి ముందే చెప్పిపెట్టు.

మెట్కో బడిలో సీటు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ టఫ్ట్స్ యూనివర్సిటీలో ఎలిజబెత్ సెట్రెన్ పోల్చి చూశారు. సీటు వచ్చినవాళ్ళలో హైస్కూల్ పూర్తిచేసి కాలేజీకి వెళ్ళినవాళ్ళు ఎక్కువ. సంతోషమే. కానీ మనసులో మిగిలేది వేరే ఉంటుంది. 1970ల్లో ఇలా బస్సెక్కిన ఒకావిడతో ఈమధ్య చాలాసేపు మాట్లాడాను. గదినిండా తెల్లవాళ్ళే ఉన్న ఆఫీసులో మొదటిరోజు కూడా తను బెదరలేదట. ఆ బెరుకు చిన్నప్పుడే పోయిందన్నారు. కానీ వాళ్ళ వీధిలో పిల్లలు "తెల్లదానిలా మాట్లాడతావేం" అనేవాళ్ళు. బడిలో ఆవిడ "బోస్టన్ పిల్ల". బానిసత్వం పాఠం వచ్చినరోజు క్లాసులో తలలన్నీ తనవైపే తిరిగేవట. అది చెబుతూ ఆవిడ ఇప్పటికీ మెడ మీద చెయ్యి వేసుకున్నారు. మీ హోస్ట్ అమ్మ ఎప్పుడైనా మీ ఇంటికి వచ్చిందా అని అడిగాను. "పన్నెండేళ్ళలో ఒక్కసారీ రాలేదు" అన్నారు. అయినా కూతుర్ని మెట్కోకే పంపారు. పంపేముందు కూతురి హోస్ట్ ఇంటికి తనే వెళ్ళి చూసుకున్నారు.

అందుకే నిన్ను గట్టిగా అడిగేది ఇదొక్కటే. రోజూ ఆ పిల్లే రావడం కాదు, నువ్వూ వెళ్ళు. బోస్టన్‌లో వాళ్ళుండే పేట మాటపాన్ అయినా, రాక్స్‌బరీ అయినా, పుట్టినరోజుకి మీ పాపని తీసుకుని వెళ్ళి వాళ్ళింట్లో కూర్చుని తిను. సేఫ్టీ అంటూ మీ ఆయన నసిగితే, ఆ తల్లి ఆరేళ్ళ బిడ్డని చీకటితోనే బస్సెక్కించి, ముఖం కూడా తెలియని మన దగ్గరికి పంపుతోందని చెప్పు.

ఇంకో మాట. మన పార్టీల్లో నల్లవాళ్ళ గురించి తెలుగులో దొర్లే మాటలుంటాయి చూడు, ఆ పిల్ల ఉన్నా లేకపోయినా మీ ఇంట్లో అవి ఆపించు. వాళ్ళ పౌరహక్కుల ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లోనే, మనలాంటి వాళ్ళకి అమెరికా తలుపు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది. మీ పెదనాన్న, నేను, నువ్వు ఆ తలుపులోంచే వచ్చాం.

బడయ్యాక ఆగిన పిల్లల్ని ఇళ్ళకి చేర్చే లేట్ బస్సు టైము కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించుకో. మంచు తుపానుకి బస్సు ఆగిన రాత్రి ఆ పిల్ల మీ దగ్గరే ఉంటుంది. ఒక టూత్‌బ్రష్, ఒక జత పైజామా ఈ వారమే కొనిపెట్టు. సైజు ఎంతో వాళ్ళమ్మకి ఫోన్ చేసి అడుగు. మొదటిసారి మాట కలపడానికి అది చాలు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ