అలాంటి కథానాయకుడు నచ్చడం తప్పా?

సోదరికి,

బెంగళూరులోని మారతహళ్లి నుంచి ఆఫీసుకు వెళ్లే బస్సులో డార్క్ రొమాన్స్ నవలలు, అంటే క్రూరత్వం, బెదిరింపు కలగలిసిన ప్రేమకథలు, చదువుతున్నాననీ, నిజజీవితంలో క్షణమైనా భరించలేని క్రూరుడైన ధనికుడు కథలో ఎందుకు నచ్చుతున్నాడో తెలియక సిగ్గుపడుతున్నాననీ రాశారు. సిగ్గుపడవలసిన అవసరం లేదు. ఈ ఆకర్షణ కొత్తది కాదు. 1740లో వెలువడిన రిచర్డ్‌సన్ ఆంగ్ల నవల ‘పమేలా’లో, పనిపిల్లను నిర్బంధించిన భూస్వామినే ఆమె చివరికి పెళ్లాడుతుంది.

ఎవరికీ తలవంచనివాడు ఒక్కరి ముందు మాత్రమే తలవంచడంలోనే ఈ కథల బలమంతా ఉందని నా అభిప్రాయం. డబ్బు, వంశం, పలుకుబడి ఎంత ఎక్కువగా ఉంటే, ఆ లొంగుబాటుకు అంత విలువ. పైగా చాలా నవలల్లో అతని మనసులోని మాటలు అతని గొంతుతోనే వినిపిస్తాయి కనుక, ఆ కోపం వెనుక ప్రేమ ఉందని పాఠకురాలికి ముందే తెలుస్తుంది. నిజమైన మనిషి విషయంలో ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. భయం వేస్తే పుస్తకం మూసేసే అధికారం కూడా మీదే.

అయితే, ఫోన్ చూపించమనీ, స్నేహితులను మానుకోమనీ అడుగుతున్న పెళ్లికొడుకులో ఆ నాయకుడి ఛాయ కనిపిస్తోందన్న మీ మాట నన్ను కలవరపెట్టింది. అతని మనసు మీకు చదవడానికి దొరకదు. దయచేసి తొందరపడకుండా, ఇంట్లో మీకు నమ్మకమున్న పెద్దవారితో ఆ మాటలన్నీ చెప్పండి. నవలలు మాత్రం, కథలోని హింస వంటి విషయాల గురించి ముందు పేజీలో హెచ్చరికలుంటే చూసుకుని, నిశ్చింతగా చదువుకోండి.