ఆటోరౌటర్ ఉండగా ట్రేసులు చేత్తో గీయడం నేర్చుకోవాలా?

బటన్ నొక్కగానే ఆటోరౌటర్ సాఫ్ట్‌వేరే సర్క్యూట్ బోర్డంతా గీసేస్తుంటే, ఒక్కో ట్రేసు (పార్టులను కలిపే రాగి గీత) మనమే గీస్తూ కూర్చోవడం దేనికని మీ ప్రశ్న. కూర్చోవాల్సిందే. మొదటి కొన్ని బోర్డులైనా పూర్తిగా చేత్తో చేయనివాళ్లకు ఆటోరౌటర్ ఏం పాడుచేసిందో కనిపెట్టడం కూడా రాదు.

మా టీమ్‌లో ఒకతను చేసిన సెన్సర్ బోర్డు ఒకసారి నా దగ్గరకొచ్చింది. రెండు లేయర్లు, 12 వోల్టులను 3.3కి దించే బక్ కన్వర్టర్, ఒక మైక్రోకంట్రోలర్. రూటింగ్ మొత్తం ఆటోరౌటర్‌దే. డీఆర్‌సీలో (డిజైన్ నియమాల తనిఖీ) ఒక్క ఎర్రర్ లేదు, కానీ ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రీడింగులు మాత్రం నిలకడగా ఉండవు. కోడ్‌లో సగటు తీసి సర్దేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆసిలోస్కోప్ ప్రోబ్‌కున్న పొడుగాటి గ్రౌండ్ వైరు తీసేసి, చిన్న స్ప్రింగ్ తగిలించి, నేరుగా అవుట్‌పుట్ కెపాసిటర్ మీద ఆనించాను. కన్వర్టర్ స్విచ్ అయిన ప్రతిసారీ సూదుల్లాంటి స్పైకులు! లేఅవుట్ తెరిస్తే కారణం ఎదురుగానే ఉంది. ఇన్‌పుట్ కెపాసిటర్ ఐసీకి ఎక్కడో దూరంగా ఉంది. దాని గ్రౌండ్ సన్నటి ట్రేసులో సగం బోర్డు చుట్టి వస్తోంది. ఇక అవుట్‌పుట్ వోల్టేజీ ఎంతుందో ఐసీకి తెలిపే ఫీడ్‌బ్యాక్ ట్రేసు సరిగ్గా ఇండక్టర్ కిందుగా పోతోంది.

ఆటోరౌటర్‌కు గ్రౌండ్ అంటే మరో నెట్ (ఒకదానితో ఒకటి కలపాల్సిన పిన్నుల గుంపు), అంతే. రెండు ప్యాడ్లు కలిశాయా, ట్రేసుల మధ్య క్లియరెన్స్ (ఖాళీ) సరిపోయిందా అని చూస్తుంది. కరెంటు వెనక్కి ఏ దారిన వస్తుంది, ఆ లూప్ ఎంత పెద్దదైంది అన్నది దాని లెక్కలో ఉండదు.

కెపాసిటర్‌ను ఐసీ పిన్నుల పక్కకు జరిపించి, ఆ లూప్ అంతా వెడల్పాటి కాపర్‌తో గీయించాను. ఫీడ్‌బ్యాక్‌ను అవుట్‌పుట్ కెపాసిటర్ దగ్గర తీసుకుని ఇండక్టర్‌కు దూరంగా తిప్పాం. క్రిస్టల్, డీకప్లింగ్ కెపాసిటర్లు (చిప్పుల సప్లై పిన్నుల పక్కన పెట్టేవి), యూఎస్‌బీ డేటా ట్రేసుల జత కూడా చేత్తోనే గీసి లాక్ చేశాం. మిగిలిన ఎల్‌ఈడీలు, బటన్లు ఆటోరౌటర్‌కు వదిలేశాం. కొత్త బోర్డులో రీడింగులు కుదురుకున్నాయి.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. 90 డిగ్రీల మూలలు ఉండొచ్చా లేదా అని గంటల తరబడి వాదించుకుంటారు. మామూలు మైక్రోకంట్రోలర్ బోర్డులో వాటివల్ల వచ్చే నష్టమేమీ లేదు. అదే మనుషులు కన్వర్టర్ డేటాషీట్‌లో లేఅవుట్ ఎలా ఉండాలో బొమ్మ వేసి మరీ చూపించిన పేజీని తిరగేయరు. కింది లేయర్‌లో అడ్డంగా ఒక పొడుగాటి ట్రేసు లాగి గ్రౌండ్ ప్లేన్‌ను (గ్రౌండ్ కోసం పరిచిన రాగి పొరను) రెండు ముక్కలు చేసేస్తారు, దాని గురించి ఒక్కరూ నోరెత్తరు.

కొత్తగా మొదలుపెడుతుంటే ఏదైనా చిన్న 555 టైమర్ సర్క్యూట్ తీసుకుని ఒకే లేయర్‌లో, జంపర్లు లేకుండా గీయడానికి ప్రయత్నించండి. దారి మూసుకుపోయినప్పుడు ట్రేసుతో కుస్తీ పట్టకుండా పార్టును తిప్పి చూడండి. రాట్స్‌నెస్ట్‌లో (ఇంకా కలపాల్సిన పిన్నుల మధ్య సాఫ్ట్‌వేర్ చూపే సన్న గీతలు) చిక్కుముళ్లు ఎలా విడిపోతాయో మీకే కనిపిస్తుంది.