వైబ్రేషన్ ప్లేట్ (అదిరే యంత్రపు పలక) మీద నిలబడితే పెద్దవాళ్లకు తూలడం తగ్గుతుందా?

కొంతవరకు తగ్గవచ్చు, ముఖ్యంగా కాళ్లలో బలం బాగా తగ్గి మామూలు వ్యాయామం చేయలేనివాళ్లకు. కానీ నడకకూ వ్యాయామానికీ అది బదులు కాదు.

ఈ ప్లేట్లు సాధారణంగా సెకనుకు 20 నుంచి 40 సార్లు, కొద్ది మిల్లీమీటర్ల మేర అదురుతాయి. ఆ అదురుకు పిక్కల్లో, తొడల్లో కండరాలు క్షణక్షణం కాస్త సాగుతాయి. సాగిన సంగతి నరాల ద్వారా వెన్నుపాముకు చేరగానే, మన ప్రమేయం లేకుండానే కండరం బిగుసుకుంటుంది. డాక్టర్ మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగరడం లాంటిదే ఇది. వారాల తరబడి చేస్తే కాళ్లకు కాస్త పట్టు వస్తుంది.

ఉదాహరణకు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని పెద్దాయన కమ్మీ పట్టుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి, మధ్యమధ్య ఆగుతూ నిలబడితే తొడలకు పని పడుతుంది. మోకాళ్లు బిగించి నిలబడితే మాత్రం అదురు తలదాకా పోతుంది. ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఎంత గట్టిగా అదిరితే అంత మేలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పైగా తూలడానికి కారణం బీపీ మాత్రలో, చెవి లోపలి సమస్యో అయితే ప్లేట్ ఏమీ చేయలేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఈమధ్యే ఎముక విరిగినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలు ఎక్కకూడదు.