లోన్ తీసి టెక్ షేర్లు కొనాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లు నా జీతంతోనే గడుస్తుంది. పెద్ద టెక్ కంపెనీల షేర్లు ఇప్పటికే పెరిగిపోయాయి కాబట్టి చిన్నవి కొందామనుకుంటున్నాను. పొదుపు మొత్తం తీసి, దానికి సమానంగా పర్సనల్ లోన్ కలుపుతాను. లోన్ మంజూరైంది. చిన్నవి మేలా, పెద్దవా?

జవాబు: చిన్నా పెద్దా సంగతి తర్వాత. ముందు ఆ లోన్ ఆలోచన మానేయండి. సగం సొంత డబ్బు, సగం అప్పుతో కొన్న షేర్లు 50 శాతం పడితే మీ సొమ్మంతా పోయినట్టే. అప్పు మాత్రం వడ్డీతో సహా మిగులుతుంది. సగానికి పడిన షేరు మళ్లీ కొన్న ధరకు రావాలంటే 100 శాతం పెరగాలి. అందాకా ఈఎమ్‌ఐ ఆగుతుందా?

ఇలా పడటం కొత్తేమీ కాదు. 2000 మార్చి నుంచి 2002 అక్టోబరు మధ్య, టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ దాదాపు 78 శాతం పడింది. పాత గరిష్ఠాన్ని దాటడానికి 2015 దాకా పట్టింది.

మీలాంటి ఉద్యోగులు చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. మీ జీతం వచ్చేదీ, డబ్బు పెట్టబోయేదీ ఒకే రంగం. 2021 సెప్టెంబరు గరిష్ఠం నుంచి 2022 నవంబరు మొదటికల్లా మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) షేరు నాలుగింట మూడు వంతులు పడింది. అదే నెలలో ఆ కంపెనీ 11,000 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. షేరు తర్వాత కోలుకుంది. కానీ జీతం ఆగి, చేతిలో నిల్వ లేనివాళ్లు అందాకా ఆగలేరు, అయినకాడికి అమ్ముకోవాల్సిందే.

అందుకే అత్యవసర నిధి గురించి ఇంతగా చెబుతాను. మిగతావాళ్లకు ఆరు నెలల ఖర్చులు చాలంటాను, మీకు మాత్రం ఏడాదివి ఉండాలి. అద్దె, ఫీజులు, ప్రీమియంలు, ఉన్న ఈఎమ్‌ఐలు అన్నీ అందులో లెక్కేయండి. ఆ డబ్బు డిపాజిట్‌లోనో, కావాలంటే త్వరగా వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. క్రెడిట్ కార్డు లిమిట్‌ని నిధి కింద లెక్కేసుకోకండి, అదీ అప్పే. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. సొంత పాలసీ, టర్మ్ కవర్ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా) తీసుకోండి.

ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బులో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలున్న ఇండెక్స్ ఫండ్‌లో (ఒక సూచీలోని షేర్లన్నిటినీ అదే పాళ్లలో కొనే ఫండ్) నెలనెలా పెట్టండి. చిన్న కంపెనీలకు పదో వంతు మించొద్దు. చాలావాటికి ఆదాయం కొద్దిమంది కస్టమర్ల నుంచే వస్తుంది, పడేటప్పుడు అమ్ముదామంటే కొనేవాళ్లుండరు.

లోన్ డబ్బు ఇంకా అకౌంట్‌లో పడకపోతే రేపే రద్దు చేయించండి. పడి ఉంటే, ముందే తీర్చడానికి చార్జీ ఎంతో కనుక్కుని కట్టేయండి.